వానల నెలల్లో బరువులూ పరుగూ కలిపి చేసేవారికి జాగ్రత్తలు

నవంబరు, డిసెంబరు నెలల్లో హాఫ్ మారథాన్ (సుమారు 21 కిలోమీటర్లు) పరిగెత్తాలంటే తయారీ ఆగస్టులో మొదలవ్వాలి. అప్పటికి దక్షిణ ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు ఒంటి మీద చెమట ఆరదు. కొరాపుట్, జయపురం, రాయగడ వైపు రోజుల తరబడి ముసురు వదలదు. పైగా ఈ ప్రాంతంలో పరుగులోకి వచ్చే కుర్రాళ్లలో చాలామంది జిమ్ము నుంచి వస్తున్నవాళ్లే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ బరంపురం వాడే కాబట్టి, ఇక్కడ బరువులెత్తడం ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చిక్కల్లా వారానికి ఐదు రోజుల జిమ్ము తగ్గించకుండా దాని మీద నాలుగు రోజుల పరుగు పేర్చడంలో ఉంది. నెల తిరిగేసరికి మోకాలో, మడమో పట్టేస్తుంది, నిద్ర చెడుతుంది.

1980లో రాబర్ట్ హిక్సన్ అనే వ్యాయామ పరిశోధకుడు పది వారాల ప్రయోగం చేశాడు. బరువులు మాత్రమే ఎత్తినవాళ్ల బలం చివరిదాకా పెరిగింది. బరువులూ, దమ్ము పెంచే కసరత్తూ రెండూ నిండుగా చేసినవాళ్ల బలం ఏడెనిమిది వారాలు పెరిగి ఆగింది, ఆఖరి రెండు వారాల్లో తగ్గింది. వాళ్ల దమ్ము మాత్రం తగ్గలేదు. వాళ్లు రెండు పనులనీ పూర్తి మోతాదులో, దాదాపు రోజూ చేశారని గమనించండి. పరుగు పెంచే నాలుగు నెలలూ బరువుల మోతాదు తగ్గించి, బలం నిలబెట్టుకుంటే చాలు.

కాళ్ల బరువులు వారానికి రెండు రోజులకి మించొద్దు. ఆ రెండు రోజులూ గట్టి పరుగు ఉన్న రోజులే కావాలి. మంగళవారం పొద్దున్న ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా పరిగెత్తి, కాసేపు ఆగి, మళ్లీ పరిగెత్తడం) చేస్తే, కనీసం ఆరు గంటల ఎడం ఇచ్చి సాయంత్రం స్క్వాట్స్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం) చేయండి. బుధవారం పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఐదారు కిలోమీటర్లు చాలు. గురువారం పొద్దున్న టెంపో (ఆగకుండా ఒకే గట్టి వేగంతో పరుగు), సాయంత్రం రెండో విడత బరువులు, మంగళవారం చేసినదానిలో సగం. ఛాతీ, వీపు, భుజాలు శుక్రవారం పెట్టుకోండి. శనివారం విశ్రాంతి, ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే దూరం పరుగు), సోమవారం మళ్లీ విశ్రాంతి. చాలామంది గట్టి పరుగు ఒకరోజు, కాళ్ల బరువులు మర్నాడు పెట్టుకుంటారు. దాంతో వారంలో కాళ్లకి తేలిక రోజంటూ మిగలదు. స్క్వాట్స్ నొప్పి రెండో రోజున ఎక్కువవుతుంది కాబట్టి శుక్రవారం కాళ్లు చేస్తే ఆ నొప్పితోనే లాంగ్ రన్‌కి దిగాల్సి వస్తుంది. తొడలు బిగిసి ఉంటే అడుగు తీరు మారి, ఆ భారం మోకాలు మీద పడుతుంది.

మంగళవారం మోతాదు ఇదీ: స్క్వాట్ 3 సెట్లు, సెట్టుకి 5 సార్లు. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బార్ పట్టుకుని నడుము దగ్గర ముందుకి వంగి లేవడం) 3 సెట్లు, 6 సార్లు. ఒక కాలు వెనక బల్ల మీద పెట్టి చేసే స్ప్లిట్ స్క్వాట్ 2 సెట్లు, కాలుకి 8 సార్లు. ప్రతి సెట్టులోనూ ఇంకో రెండు సార్లు ఎత్తగల బలం మిగిలి ఉండగానే బార్ దించేయండి. ఒళ్లు వణికేదాకా ఎత్తడం ఈ నాలుగు నెలలూ మానుకోండి. జిమ్ము కుర్రాళ్లు ఎగ్గొట్టేది కాఫ్ రైజ్ (మునివేళ్ల మీద లేచి మడమ దించడం), పరుగుకి అన్నిటికంటే కావాల్సిందీ అదే. ఒంటికాలి మీద, మోకాలు నిటారుగా 2 సెట్లు, కొంచెం వంచి 2 సెట్లు, 12 సార్ల చొప్పున చేయండి. మోకాలు వంచినప్పుడు పిక్క లోపలి కండరం ఎక్కువ పని చేస్తుంది. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి కొన్ని రెట్లు మోసేది ఆ కండరమే.

లాంగ్ రన్‌ని, గడిచిన నెలలో పరిగెత్తిన అతి పెద్ద దూరం కంటే పదో వంతుకి మించి పెంచొద్దు. 10 పరిగెత్తి ఉంటే తర్వాత 11, అంతే. ఘాట్ రోడ్డు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కొరాపుట్ నుంచి జయపురం వైపు దిగే పరుగు తొడలకి స్క్వాట్స్‌తో సమానం. ఆ వారం గురువారం బరువులు తీసేయండి. మలుపుల్లో మంచు, లారీలు ఉంటాయి కాబట్టి తెల్లవారకముందు ఆ దారి పట్టొద్దు. గోపాల్‌పూర్‌లో మెత్తటి ఇసుక, పిక్కని మడమకి కలిపే స్నాయువుని లాగేస్తుంది. తడి ఇసుక గట్టిగా ఉన్నా ఒక వైపు వాలి ఉంటుంది. ఎంత దూరం వెళ్లారో అంతే దూరం అదే గట్టు మీద వెనక్కి రండి, వాలు రెండు కాళ్లకీ సమానంగా పడుతుంది. మొదట పావుగంట చాలు. చల్లబడదామని వానాకాలపు కెరటాల్లోకి దిగకండి.

ఉక్కలో చెమట కారిపోతుందే గానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఒళ్లు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి మొదటి రెండు వారాలూ గడియారం చూసి కాకుండా ఊపిరి చూసి పరిగెత్తండి. పరుగుకి ముందు, తర్వాత తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. తగ్గిన కిలో ఇంచుమించు ఒక లీటరు చెమట. 60 కిలోల మనిషికి 1.2 కిలోల కంటే ఎక్కువ తగ్గితే దారిలో తాగింది చాలలేదన్నమాట. బరువు పెరిగితే నీళ్లు అతిగా తాగారు, అదీ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మీద రాసినంత నీటిలోనే కలపండి. ఇంటికొచ్చాక ఉప్పేసిన తరవాణి, చోడి అంబలి రెండూ మంచివే.

మాట తడబడినా, అడుగు తూలినా, ఎక్కడున్నాడో చెప్పలేకపోయినా వడదెబ్బ అనుకోండి. 108కి ఫోన్ చేస్తూనే చన్నీళ్ల తొట్టిలో మెడదాకా కూర్చోబెట్టండి. తొట్టి లేకపోతే బిందెలతో ఆపకుండా పోస్తూ విసరండి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు.

కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ, గజపతి జిల్లాల వాళ్లు శిక్షణకి ముందే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయించుకోవాలి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. జబ్బు లేకుండా దాని జన్యువుని మాత్రమే (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి) మోసేవాళ్లు నిక్షేపంగా పరిగెత్తవచ్చు, బరువులెత్తవచ్చు. కానీ ఉక్కలో విరామం లేకుండా వరసగా స్ప్రింట్లు కొడితే వాళ్ల కండరాలు దెబ్బతిని కూలిపోయే ప్రమాదం ఉంది. మామూలు పట్టులో కండరం గట్టిపడి తెలుస్తుంది. ఇందులో కండరం మెత్తగానే ఉండి కాళ్లలో సత్తువ పోతుంది. 'బద్ధకిస్తున్నాడు' అని అరిచి పరిగెత్తించడం ప్రాణం మీదికి తెస్తుంది. ఇంటర్వెల్స్ మధ్య వాళ్లని తమకి కావలసినంత సేపు ఆగనివ్వండి, కోచ్‌కి ముందే చెప్పి ఉంచండి.

మలేరియా జ్వరం వచ్చిందంటే మందుల కోర్సు పూర్తయ్యేదాకా జిమ్మూ లేదు, పరుగూ లేదు. ఆ తర్వాతి వారం నడక, ఆపై సగం దూరం, సగం బరువు.

ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకుని లాంగ్ రన్‌కి వెళ్లొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. బరువుల తర్వాతో, పరుగు తర్వాతో మూత్రం నల్లటీ రంగులోకి మారితే కండరం కరిగి రక్తంలో కలుస్తోందని అర్థం, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. జిమ్ముల్లో చేతులు మారే ఫ్యాట్ బర్నర్లు (కొవ్వు కరిగిస్తాయని అమ్మే మాత్రలు, పొడులు) ఒంటి వేడిని పెంచుతాయి. ఈ ఉక్కలో వాటి జోలికి పోకండి. ప్రొటీన్ కిలోకి 1.6 గ్రాముల లెక్కన 65 కిలోల మనిషికి రోజుకి సుమారు 105 గ్రాములు కావాలి. గుడ్డులో 6, వంద గ్రాముల పెసరపప్పులో సుమారు 24 ఉంటాయి. చేపతో కలిపి పూటపూటకీ పంచుకుంటే పౌడరు అక్కర్లేదు.

ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట నొప్పి ఉండి, ఒంటికాలి మీద గెంతినప్పుడు పెరిగితే పరుగు ఆపేయండి. అది ఎముకలో చీలిక కావచ్చు. తొలి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా, అందుకని 'ఎక్స్‌రే బాగానే ఉంది' అని మళ్లీ పరిగెత్తొద్దు.

ఉరుము వినపడితే మైదానం వదిలేయండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పిడుగుల హెచ్చరికకి 'దామిని' యాప్ ఉంది. జిమ్ములో తడి బూట్లతో డెడ్‌లిఫ్ట్ చేయకండి, బార్‌ని పొడిగుడ్డతో తుడవండి.

అక్టోబరులో తుఫాన్లని లెక్కలో పెట్టుకోండి. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ 11న పలాస దగ్గర తీరం దాటాయి. వారం పోతే పోయిందనుకోండి. పోయిన లాంగ్ రన్‌ని తర్వాతి వారంలో ఇరికించకుండా, ఆగిన దూరం నుంచే మొదలుపెట్టండి. ఆ వారం కరెంటు లేకపోయినా కాఫ్ రైజ్, స్ప్లిట్ స్క్వాట్ ఇంట్లోనే చేసుకోవచ్చు.

పోటీకి పది రోజుల ముందు ఆఖరి బరువైన స్క్వాట్స్. ఆ తర్వాత ఒక్కసారే, అదీ అయిదు రోజుల ముందు, సగం బరువుతో 2 సెట్లు. చివరి మూడు రోజులూ బార్ ముట్టొద్దు. ఇరవై నిమిషాల నెమ్మది పరుగు, కొత్తవి కాని బూట్లు, అలవాటైన తిండి చాలు.