గుర్రానికి ఏసీటీహెచ్ పరీక్ష: రక్తం తీసేటప్పుడు

మెడ మీద కొవ్వు గట్టిపడి, గిట్టల నొప్పితో కుంటే గుర్రానికి కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) ఒక్కసారి కొలిస్తే ఏమీ తేలదు. అది గంటగంటకూ మారుతుంది. ఏసీటీహెచ్ (మెదడు కింది పిట్యూటరీ గ్రంథి హార్మోన్, కుషింగ్స్ జబ్బులో పెరుగుతుంది), ఇన్సులిన్ రెండూ చూడాలి.

ట్రక్కు దిగిన గుర్రాన్ని కనీసం 30 నిమిషాలు స్థిమితపడనివ్వండి. బెదిరినా, నొప్పి ఎక్కువున్నా ఏసీటీహెచ్ పెరిగిపోతుంది. పశువైద్యులు ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ట్యూబులో రక్తం తీశాక వెంటనే చల్లబరచాలి. మంచుకు నేరుగా తగలనివ్వకండి, కణాలు పగిలితే నమూనా పాడైనట్టే. 8 గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పే యంత్రం) ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, వేరుచేయాలి. భారత్‌తో సహా ఉత్తరార్ధగోళంలో ఆగస్టు-అక్టోబరు మధ్య ఏసీటీహెచ్ సహజంగానే ఎక్కువ. ఆ నెలల ప్రమాణంతోనే పోల్చండి, లేదంటే ఆరోగ్యమైన గుర్రానికీ మందు మొదలుపెట్టేస్తారు.

ఇన్సులిన్‌కైతే 4 గంటల ముందు నుంచి దాణా ఆపండి, ఎండుగడ్డి మేయనివ్వండి.