ఇంప్లాంట్ తర్వాత నోటి సంరక్షణ – మూడో పాఠం: మొదటి వారం

పోయిన పాఠంలో ఆపరేషన్‌కు ముందు సర్దుకోవాల్సినవి చూశాం. ఇప్పుడు ఇంప్లాంట్ ఆపరేషన్ అయిపోయింది, అంటే పోయిన పన్ను చోట దవడ ఎముకలో టైటానియం స్క్రూ పెట్టేశారు, గాజుగుడ్డ కొరికి పట్టుకుని మీరు ఇంటికి వచ్చారనుకుందాం. అక్కణ్ణుంచి కుట్లు తీసేదాకా ఈ పాఠం. కుట్లు మామూలుగా 7 నుంచి 10 రోజులకు తీస్తారు. వాటంతట అవే కరిగిపోయే రకమూ ఉంది.

ముందు ఒక సంగతి. 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు ఎముకలో టైటానియం పరికరం పెట్టి, తర్వాత తీయబోతే అది ఊడి రాలేదు. ఎముక దాన్ని అంటుకుపోయింది. 1965లో ఆయన మొదటిసారి మనిషి దవడలో అలాంటి స్క్రూలు పెట్టారు. మీ దవడలోనూ ఎముక స్క్రూకు అలాగే అంటుకుపోవాలి. దానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. ఆ పని ఎముకది, మనం తొందరపెట్టలేం. మన చేతిలో ఉన్నది గాయం మీద కట్టిన రక్తపు గడ్డ కదలకుండా చూడటం, పాచి అటువైపు చేరకుండా చూడటం.

గడ్డకు మొదటి శత్రువు మన అలవాటే. గట్టిగా పుక్కిలించి, ఖాండ్రించి ఉమ్మితే గానీ నోరు కడుక్కున్నట్టు అనిపించదు మనకు. మొదటి 24 గంటలు పుక్కిలించడం, ఉమ్మడం రెండూ వద్దు. ఉమ్మి వస్తే మింగేయండి. స్ట్రా కూడా వద్దు, పీల్చే లాగుడుకు గడ్డ కదిలిపోతుంది. కొబ్బరిబొండం తాగాలనిపిస్తే నీళ్ళు గ్లాసులో పోయించుకోండి.

ఉమ్మి ఎర్రగా కనబడగానే అందరికీ టెన్షన్ వస్తుంది. చుక్క రక్తం చాలు, నోట్లో ఉమ్మంతా ఎర్రబడుతుంది. మొదటి రోజు అలా ఉండటం మామూలే. రక్తం తాజాగా ఊరుతూనే ఉంటే శుభ్రమైన గాజుగుడ్డ తడిపి, మందంగా మడిచి, గాయం మీద పెట్టి అరగంట కొరికి పట్టుకోండి. ఆగిందో లేదో అని మధ్యలో తీసి చూడకండి. చూసిన ప్రతిసారీ పని మళ్ళీ మొదటికొస్తుంది. అప్పటికీ ఆగకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు, రక్తం కనబడిందని వాటిని సొంతంగా ఆపకూడదు.

మొదటి రోజు ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి చెంప బయట 15, 20 నిమిషాలు పెట్టి, అంతసేపే తీసేస్తూ ఉండండి. వాపు రెండో మూడో రోజున ఎక్కువై తర్వాత తగ్గుతుంది. మూడో రోజు అద్దం చూసి భయపడక్కర్లేదు. తగ్గిన వాపు మళ్ళీ పెరిగినా, జ్వరం వచ్చినా, చీము కనబడినా మాత్రం ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇక ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు పని: 24 గంటల తర్వాత నోరు కడుక్కోవడం. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు కలపండి. కొంచెం నోట్లోకి తీసుకుని పెదవులు మూయండి. తల మెల్లగా కుడికి వంచండి, ఆగండి, ఎడమకు వంచండి. నీళ్ళు వాటంతట అవే అటూ ఇటూ వెళ్తాయి, మీరు తోయక్కర్లేదు. తర్వాత సింకు మీదికి వంగి నోరు తెరవండి, నీళ్ళు జారిపోనివ్వండి. బుగ్గలు ఉబ్బాయంటే బలం పెడుతున్నారని అర్థం. తిన్న ప్రతిసారీ ఇలా చేయాలి. ఆపరేషన్ ఇంకా కానివాళ్ళు ఇప్పుడే మామూలు నీళ్ళతో సాధన చేసి పెట్టుకోండి. ఆ రోజు ఇది తేలిగ్గా వస్తుంది.

డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తే దానికీ ఇదే పద్ధతి. పేస్టుతో బ్రష్ చేశాక అరగంట ఆగి వాడండి, వెంటనే వాడితే దాని పని తగ్గుతుంది. బాగుంది కదా అని చెప్పిన రోజుల కంటే ఎక్కువ వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచీ మారుతుంది.

గాయం ఉందని వారమంతా బ్రష్ ముట్టనివాళ్ళు ఉంటారు. అది అతి జాగ్రత్త, కీడు కూడా. మర్నాటి నుంచి గాయం వదిలి మిగతా పళ్ళన్నీ మెత్తని బ్రష్‌తో తోముకోవాలి. వేపపుల్ల, పళ్ళపొడి, నూనె పుక్కిలింత ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గాయం మీద పసుపు అద్దడం, లవంగం నూనె రాయడం అసలు వద్దు. లవంగం నూనె పచ్చి చిగురును కాలుస్తుంది. పెదవి లాగి ఫోను లైటు వేసి కుట్ల ఫొటోలు తీయడం కొత్త జబ్బు. అదీ మానండి.

తిండి సంగతి త్వరగా చెప్తాను. మత్తు దిగేదాకా ఏమీ నమలకండి, చెంప కొరుక్కుంటారు. తర్వాత చల్లారిన రాగిజావ, మజ్జిగ, మెత్తగా పిసికిన పెరుగన్నం తీసుకోవచ్చు. పెరుగన్నానికి పోపు పెట్టకండి, ఆవాలు కుట్లలో ఇరుక్కుంటాయి. జామ గింజలూ నువ్వులూ అంతే. ఆవకాయ, జంతికలు కొన్నాళ్ళు మర్చిపోండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు తిండి తగ్గితే డోసు ఎంతో ముందే అడిగి ఉంచుకోవాలి.

పొగ, గుట్కా, ఖైనీ, జర్దా కిళ్ళీ గురించి మొహమాటం లేకుండా చెప్తాను: ఇంప్లాంట్ మీద డబ్బు పెట్టి ఇవి మానకపోవడం తెలివైన పని కాదు. నికోటిన్ చిగురుకు వెళ్ళే రక్తనాళాల్ని బిగిస్తుంది. పొగతాగేవాళ్ళలో ఇంప్లాంట్లు ఎక్కువగా విఫలమవుతాయి.

పైదవడ వెనకవైపు పెట్టించుకుంటే ముక్కు గట్టిగా చీదకండి, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. ఆ ఎముకకు పైనే, ముక్కుతో కలిసి ఉండే సైనస్ అనే గాలి గది ఉంటుంది. కిందదవడ అయితే, మర్నాటికి కూడా పెదవీ గడ్డమూ మొద్దుబారే ఉంటే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. చిగురు మీద కనిపించే చిన్న లోహపు మూత వదులైతే వేళ్ళతో బిగించకండి, ఊడితే దాచి ఫోన్ చేయండి.

వచ్చే పాఠానికి మెత్తని చిన్న తల బ్రష్, పళ్ళ సందుల్లో తోమే సన్నని బ్రష్ తెచ్చి ఉంచుకోండి. రెండోది ఏ సైజు కొనాలో కుట్లు తీసే రోజు డాక్టర్నే అడగండి.