గెయిన్‌కు కరువు లేదు, మిగతావాటికే కరువు: హై గెయిన్ ట్యూబ్ యాంప్ సమస్యలు, పరిష్కారాలు

గిటార్ కోసం హై గెయిన్ ట్యూబ్ యాంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే యాంప్లిఫయర్) కొన్నవారు చెప్పుకునే బాధల్లో 'గెయిన్ చాలడం లేదు' అన్నది నేను దాదాపు వినలేదు. గెయిన్ అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు; అది ఎక్కువైతే ధ్వని చెదిరి గరుకవుతుంది, దాన్నే డిస్టార్షన్ అంటాం. 1987లో సోల్డానో ఎస్ఎల్ఓ-100, 1992లో పీవీ 5150 యాంపులు వచ్చాక ఆ కొరత తీరిపోయింది. కరువల్లా మిగతావాటికే. గట్టిగా మీటినా చెదరని క్లీన్ చానల్ కావాలి, ఇంట్లో వాడుకోదగ్గ వాల్యూమ్ కావాలి, బ్యాండులో నిలబడే మధ్య స్థాయి (మిడ్) కావాలి. దుకాణంలో ఉన్న పది నిమిషాలూ మనం గెయిన్ నాబ్‌తోనే ఆడుకుంటాం కాబట్టి ఇవన్నీ ఇంటికి వచ్చాకే బయటపడతాయి. అందుకే కింద ప్రతి చిక్కుకూ ఇప్పటికే కొన్నవారికి మందు చెబుతూ, కొనబోయేవారు ఏం చూసుకోవాలో కూడా చెబుతాను.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ యాంపుల లోపల 400 నుంచి 500 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. మెకానిక్ పని అని నేను చెప్పిన చోట స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి.

ఒంటరిగా వాయిస్తే అద్భుతం, బ్యాండులో కలిస్తే వినపడదు

అన్నిటికంటే ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. కారణం సగం చెవిలో, సగం నాబ్‌లలో ఉంది. తక్కువ శబ్దంలో మన చెవికి బాస్, ట్రెబుల్ సరిగా ఆనవు. అందుకని గదిలో కూర్చుని ఆ రెండూ పెంచుకుంటాం, మిడ్ తగ్గిస్తాం, గోడ కూలుతున్నట్టు వినిపించి మురిసిపోతాం. అదే సెట్టింగుతో డ్రమ్ముల పక్కన నిలబడితే మన బాస్‌ను బాస్ గిటార్, కిక్ డ్రమ్ మింగేస్తాయి. ట్రెబుల్ తాళాల మోతలో కలిసిపోతుంది. గిటార్ నివాసం మధ్య స్థాయిలోనే. దాన్ని మనమే ఖాళీ చేసి వెళ్లాం.

బ్యాండు వాయించే వాల్యూమ్‌లోనే నాబ్‌లు తిప్పండి. గెయిన్ మూడో వంతు తగ్గించండి, మిడ్‌ను సగం పైకి తీసుకురండి, బాస్ దించండి. గదిలో ఇది కాస్త ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. ఫరవాలేదు.

అయినా బాస్ తీగలు ముద్దగా పలికితే మీ యాంపులో టోన్ నాబ్‌లు ఎక్కడ కూర్చున్నాయో చూడాలి. మీసా బూగీ మార్క్ వరుస యాంపుల్లో అవి ప్రధాన గెయిన్ దశలకు ముందే ఉంటాయి. అక్కడ బాస్‌ను ఒకటి, రెండు దగ్గరే ఉంచి, కావలసిన బరువును తర్వాత వచ్చే అయిదు పట్టీల గ్రాఫిక్ ఈక్వలైజర్‌తో తెచ్చుకోవాలి. ఈ సంగతి తెలియక మార్క్ యాంపును 'బురద' అని తిట్టి అమ్ముకున్నవారున్నారు. మార్షల్, మీసా రెక్టిఫయర్ తరహా యాంపుల్లో టోన్ నాబ్‌లు గెయిన్ తర్వాత ఉంటాయి. అంటే బాస్ అప్పటికే చెదిరిపోయి వస్తుంది, తర్వాత తగ్గించినా బిగువు రాదు. యాంపులోకి వెళ్లకముందే కోయాలి. దానికి ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్ చాలు. డ్రైవ్ సున్నా, లెవెల్ పూర్తిగా పెట్టండి. సుమారు 720 హెర్ట్జ్ కిందనున్న దాన్ని అది పలచన చేస్తుంది. మెటల్ వాయించేవారు ఆ పెడల్‌ను డిస్టార్షన్ కోసం వాడరు, ఈ కోత కోసమే వాడతారు.

కొనేటప్పుడు ఈఎల్34 ట్యూబులా, 6ఎల్6 ట్యూబులా అన్న చర్చ తప్పక వస్తుంది. మొదటివి మధ్య స్థాయిని ముందుకు తోస్తాయని, రెండోవి బాస్‌లో విశాలంగా, క్లీన్‌లో నిబ్బరంగా ఉంటాయని చెబుతారు. అబద్ధం కాదు. కానీ ట్యూబు మార్చితే వచ్చే తేడా కంటే స్పీకరు మార్చితే వచ్చే తేడా చాలా పెద్దది. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ నుంచి వింటేజ్ 30కి మారి చూడండి, యాంపే మారినట్టు ఉంటుంది. ఒకటే మాట గుర్తుంచుకోండి: గ్రీన్‌బ్యాక్ ఒక్కోటి 25 వాట్లే మోస్తుంది. 100 వాట్ల యాంపుకు నాలుగు కావాలి.

వాల్యూమ్ కాస్త కదిలిస్తే చాలు, పక్కింటివాళ్లు తలుపు కొడతారు

'100 వాట్లది ఎక్కువ, 50 వాట్లది తీసుకుంటే సరి' అనుకుని చాలామంది మోసపోతారు. వాట్లు సగమైతే తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి శబ్దం సగమైనట్టు తోచాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే శక్తి పదో వంతుకు రావాలి. అపార్ట్‌మెంట్‌లో 10 వాట్ల ట్యూబ్ యాంప్ కూడా పెద్ద గొంతుదే.

అదృష్టం ఏమిటంటే, ఆధునిక హై గెయిన్ ధ్వని చాలావరకు ప్రీయాంపులోనే (సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) తయారవుతుంది. స్పీకరును నడిపే పవర్ ట్యూబులచేత చెమటోడ్పించనవసరం లేదు. కాబట్టి మాస్టర్ వాల్యూమ్ కింది అంచున ఎంత నెమ్మదిగా కదులుతుందన్నదే అసలు ప్రశ్న. కొన్నిటిలో సున్నా నుంచి ఒకటికి వెళ్లేలోపు గుసగుస కాస్తా గర్జన అవుతుంది. అలాంటిదే మీ దగ్గర ఉంటే ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీయాంపుకూ పవర్ భాగానికీ మధ్య పెడళ్లు కలిపే చోటు) ఒక వాల్యూమ్ పెడల్ పెట్టండి, మాస్టర్‌కు తిరిగే చోటు దొరుకుతుంది. స్పీకరుకు ముందు అటెన్యుయేటర్ (స్పీకరుకు వెళ్లే శక్తిని తగ్గించే పెట్టె) పెట్టడం రెండో మార్గం. ఖర్చు ఎక్కువ, పైగా దాని వాట్లు, ఓములు మీ యాంపుకు సరిపోవాలి. మార్షల్ జేసీఎం800 వరుసలోని 2203 వంటి యాంపులైతే మాస్టర్ కాస్త తెరిస్తేనే ఒళ్లు విరుచుకుంటాయి. ఇంట్లో వాయించుకోవడానికి దాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

డిస్టార్షన్ కుదిరితే క్లీన్ చెడుతుంది, క్లీన్ కుదిరితే డిస్టార్షన్ చెడుతుంది

'అన్నిటికీ పనికొచ్చే యాంప్' అన్న మాట నిజమా, ప్రకటనా అన్నది ఇక్కడ తేలుతుంది. ముందు పలకను చూడండి. చానళ్లు రెండున్నా బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు ఒక్క వరుసే ఉంటే, అవి ఉమ్మడి ఆస్తి. ఎస్ఎల్ఓ-100, తొలి 5150, దాని వారసురాలు 6505 మూడూ ఇంతే. 6505 ప్లస్‌లో రెండు చానళ్లకూ వేర్వేరు వరుసలు ఇచ్చారు. ఈవీహెచ్ 50 వాట్ల 5150 త్రీ మీద మూడు చానళ్లు కనిపిస్తాయి కానీ, మొదటి రెండూ ఒకే వరుసను పంచుకుంటాయి. లెక్కపెట్టాల్సింది చానళ్లను కాదు, టోన్ వరుసలను.

ఇప్పటికే కొన్నారా? టోన్ నాబ్‌లను డిస్టార్షన్‌కు అనుకూలంగా పెట్టి, లూప్‌లో ఒక ఈక్వలైజర్ పెడల్ ఉంచి, క్లీన్‌కు మారినప్పుడు మాత్రమే దాన్ని తొక్కండి. క్లీన్ తొందరగా చెదిరిపోతుంటే మొదటి ప్రీయాంప్ ట్యూబును మార్చి చూడండి. 12ఏఎక్స్7 వృద్ధి గుణకం 100, 5751ది 70, 12ఏటీ7ది 60. నేను మొదట 5751 వేసి చూస్తాను. ఆ ట్యూబు చాలా యాంపుల్లో రెండు చానళ్లకూ ఉమ్మడిది, కాబట్టి డిస్టార్షన్ కూడా కొంత తగ్గుతుంది. తగ్గాక స్వరం స్వరం విడిగా వినిపించిందని చెప్పినవారే ఎక్కువ. ప్రీయాంప్ ట్యూబు మార్చడానికి బయాస్ (ట్యూబులో నిలకడగా పారే కరెంటు సెట్టింగు) సరిచూడనక్కరలేదు. యాంప్ ఆపి, చల్లారాక, మెల్లగా ఊపుతూ పైకి లాగితే చాలు.

కొనబోయేవారు మీ గిటారే తీసుకువెళ్లండి. క్లీన్ చానల్‌తో మొదలుపెట్టి, డ్రమ్ముల పక్కన వాయించేంత వాల్యూమ్‌లో తీగలన్నీ గట్టిగా మీటండి. అక్కడ గీరినట్టు వినిపిస్తే డిస్టార్షన్ ఎంత బాగున్నా ఆ యాంపు మీ ఒక్కగానొక్క యాంపు కాజాలదు.

డిలే, రీవర్బ్ పెడితే అంతా కలగాపులగం

ప్రతిధ్వనిని యాంపుకు ముందు పెట్టారు, యాంపు ఆ ప్రతిధ్వనిని కూడా డిస్టార్ట్ చేస్తోంది. రెండిటినీ ఎఫెక్ట్స్ లూప్‌లోకి మార్చండి. తొలి 2203 వంటి పాత నమూనాల్లో లూప్ ఉండదు. డిలే మీద బతికేవారు వాటి జోలికి వెళ్లకపోవడం మంచిది.

లైన్ అవుట్ నుంచి నేరుగా మిక్సర్‌కు ఇస్తే కందిరీగల మోత

గిటార్ స్పీకరు 5 కిలోహెర్ట్జ్ పైనున్నదాన్ని చాలావరకు వడగట్టేస్తుంది. ఆ వడపోత లేకుండా వేదిక స్పీకర్లలోకి పంపితే వినిపించేది ఇదే. క్యాబినెట్ సిమ్యులేషన్ (స్పీకరు వడపోతను అనుకరించే ఏర్పాటు) ఉన్న అవుట్ వాడండి, లేదంటే స్పీకరు ముందు మైకు పెట్టండి.

వాయించకపోయినా రొద

మొదట గిటార్ కేబుల్‌ను యాంపు నుంచి పీకండి. రొద ఆగితే దోషం యాంపుది కాదు. సింగిల్ కాయిల్ పికప్, కేబుల్, పెడల్ అడాప్టర్లను ఒక్కొక్కటిగా పరీక్షించండి. ఆగకపోతే ఆ రొద స్వభావం వినండి. లోతైన 50 హెర్ట్జ్ గుంయ్ అంటే ఎర్తింగ్‌నో, ఫిలమెంటు వైరింగ్‌నో అనుమానించాలి. దానికి ఒక స్థాయి పైన, గరగరమనే 100 హెర్ట్జ్ అయితే ముసలివైన ఫిల్టర్ కెపాసిటర్లు. అది మెకానిక్ పని. యాంపును ముట్టుకోగానే కీచుమంటే, పెన్సిల్‌తో ప్రీయాంప్ ట్యూబులను ఒక్కొక్కటిగా తట్టండి. ఏది గంటలా మోగితే అది మార్చండి.

మన ఇళ్లలో మరో మెలిక ఉంది. పాత ఇళ్లలో గోడ సాకెట్‌కు మూడో కన్నం ఉంటుంది కానీ, దాని వెనక ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ కొలిపించండి. రొద తగ్గుతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసేవారిని చూశాను. గిటార్ లోహపు తీగలు యాంప్ చాసిస్‌కు కలిసే ఉంటాయి. పెదవి మైకుకు తగిలి షాక్ కొట్టిన క్షణాన ఆ పొదుపు ఖరీదు తెలుస్తుంది.

గెయిన్ ఎక్కువైతే వచ్చే సన్నని సర్ర్ మాత్రం సహజం. నాయిస్ గేట్ (వాయించనప్పుడు శబ్దాన్ని మూసేసే పరికరం) వాడుకోవచ్చు, గెయిన్ తగ్గించడం ఇంకా చవక.

అమెరికా నుంచి తెప్పించాం, ఇక్కడ పెట్టగానే ఫ్యూజు ఎగిరింది

అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. ఫ్యూజు ఒక్కటే పోయుంటే మీరు అదృష్టవంతులు. యాంప్ వెనక వోల్టేజీ మార్చే ఏర్పాటు ఉందేమో చూడండి. లేకున్నా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టుల తీగ వదిలి ఉండవచ్చు. మెకానిక్ దాన్ని కలిపి, ఫ్యూజును సుమారు సగం ఆంపియర్ల దానికి మారుస్తాడు. అదీ లేకపోతే ఎర్త్ ఉన్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. 100 వాట్ల హెడ్‌కు (స్పీకరు లేని విడి యాంపు) 500 వీఏకు తగ్గనిది తీసుకోండి, ఎందుకంటే స్పీకరుకు ఇచ్చే 100 వాట్ల కోసం యాంప్ గోడ నుంచి దానికి కొన్ని రెట్లు లాగుతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రాల కోసం అమ్మే తేలికైన కన్వర్టర్లు దీనికి పనికిరావు. 60 హెర్ట్జ్‌కే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఉన్నట్టుండి నిశ్శబ్దం, లేదా ట్యూబు లోపల ఎర్రటి నిప్పు

ట్యూబు మధ్యలో నారింజ రంగు ఫిలమెంటు మామూలే. చుట్టూ ఉన్న బూడిద రంగు లోహపు పలకే ఎర్రబడితే తక్షణం ఆపేయండి. బయాస్ తప్పింది లేదా ట్యూబు చచ్చింది. సాధారణంగా పలక మోయగల వాట్లలో 70 శాతం దగ్గర బయాస్ పెడతారు, అంటే 25 వాట్ల ఈఎల్34కు 17.5. ఇది కొలిచి పెట్టాల్సింది మెకానిక్. కొనేముందు బయాస్ నాబ్ ఉందో లేదో అడగండి, 6505లో అది లేదు. కొత్త పవర్ ట్యూబులు జతగా సరిపోల్చినవే తీసుకోవాలి. ఇప్పుడు అవి ప్రధానంగా రష్యా, స్లొవాకియా, చైనాల నుంచే వస్తున్నాయి.

నిశ్శబ్దమే అయితే ముందు స్పీకరు తీగ చూడండి. నేను ఒకసారి తొందరలో గిటార్ కేబుల్‌నే స్పీకరుకు కలిపాను, రెండూ చూడటానికి ఒకటే కదా అని. రెండో పాట మధ్యలో యాంప్ మూగబోయింది. సన్నని ఆ తీగ తట్టుకోలేక తెగి, స్పీకరు అందని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ బలైంది. కొత్తదానికి అయిన ఖర్చుతో మంచి పెడల్ వచ్చేది. అప్పటి నుంచి నా స్పీకరు తీగకు రెండు చివరలా ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. వెనక 8 ఓములని రాసిన చోట 8 ఓముల క్యాబినెట్టే పెడతాను. స్పీకరు కలపకుండా పవర్ స్విచ్ మీద చేయి వేయను.