ఆర్సీలో ఏ కాలమ్ ఎప్పుడు అడ్డం పడుతుంది: సమస్య, కారణం, పరిష్కారం

బండి ఆర్సీని చాలామంది రెండు సందర్భాల్లోనే చేతిలోకి తీసుకుంటారు. షోరూం వాళ్లు ఇచ్చినప్పుడు ఒకసారి, పోలీసు ఆపి అడిగినప్పుడు మరోసారి. అప్పుడు కూడా చూసేది నంబరు, పేరు మాత్రమే. మిగతా కాలమ్‌ల అవసరం అమ్మేటప్పుడో, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టినప్పుడో, ఇంటి పెద్ద పోయాక బండిని పిల్లల పేరుకు మార్చాల్సి వచ్చినప్పుడో పడుతుంది. సరిగ్గా ఆ రోజే తప్పు బయటపడితే పని మొత్తం ఆగిపోతుంది. కొన్న కొత్తలోనే పట్టుకుంటే షోరూం రికార్డులు చేతికందే దూరంలో ఉంటాయి, దిద్దించడం తేలిక. అందుకే ఏ అవసరమూ లేని రోజున ఒకసారి కూర్చుని చదవమని అందరికీ చెబుతుంటాను.

కూర్చునే ముందు ఇన్సూరెన్స్ పాలసీ, ఆధార్, షోరూం ఇచ్చిన కవర్లోని ఫారం 21, ఫారం 22 దగ్గర పెట్టుకోండి. ఫారం 21 డీలరు ఇచ్చే అమ్మకపు సర్టిఫికెట్. ఫారం 22 బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని తయారీ కంపెనీ ఇచ్చే పత్రం. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, కాలుష్య ప్రమాణం అందులో ఉంటాయి. ఆర్సీలో తప్పు దొర్లితే సాక్ష్యంగా నిలిచేవి ఈ రెండే. దయచేసి వాటిని పారేయకండి.

ఇంకొక్క మాట. ఆర్సీలో కనిపించే తేడాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, మొదట్లోనే తప్పుగా ఎక్కినవి. రెండు, తర్వాత మారినా మనం ఎక్కించనివి. మొదటి రకానికి పాత కాగితం చూపించి దిద్దించుకోవాలి. రెండో రకంలో ఒక్కో మార్పుకు ఒక్కో ఫారం ఉంటుంది. మీ తేడా ఏ రకమో తేల్చుకోకుండా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్తే ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కు తిరగడమే అవుతుంది.

లోను ఎప్పుడో తీరింది, ఆర్సీలో బ్యాంకు పేరు ఇంకా ఉంది

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. హైపోతికేషన్, అంటే బండి ఎవరి లోనుకు తాకట్టులో ఉందో చెప్పే కాలమ్‌లో బ్యాంకు పేరో ఫైనాన్స్ కంపెనీ పేరో కనిపిస్తుంది. చివరి కిస్తీ కట్టి ఏళ్లు గడిచినా అది అలాగే ఉంటుంది. బండి కొనడానికి వచ్చినవాళ్లు అది చూసి వెనక్కి తగ్గుతారు.

కారణం: లోను తీరడం బ్యాంకు లెక్కల్లో జరిగింది. ఆర్సీలో ఆ పేరు ఎక్కింది రవాణా శాఖ రికార్డులో. అక్కడ తీయించమని యజమాని దరఖాస్తు పెట్టుకోవాలి.

పరిష్కారం: బ్యాంకు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), బ్యాంకు అధికారి సంతకం, ముద్ర ఉన్న ఫారం 35 తీసుకుని, ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్‌తో దరఖాస్తు చేయాలి. చాలా బ్యాంకులు ఎన్ఓసీ మీద 90 రోజుల గడువు వేస్తాయి. దాన్ని బీరువాలో పెట్టి మరచిపోతే మళ్లీ బ్యాంకుకు వెళ్లి కొత్తది రాయించుకోవాలి.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కుంది. పాత ఆర్సీల్లో ఆంధ్రా బ్యాంకు అనో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అనో ఉంటుంది. ఆ బోర్డులు ఇప్పుడు లేవు కాబట్టి ఎన్ఓసీ ఎవరిస్తారని కంగారు పడతారు. ఎస్‌బీహెచ్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయాయి. సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో, విజయా బ్యాంకు బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిశాయి. విలీనం చేసుకున్న బ్యాంకే ఆ పాత లోను ఎన్ఓసీ ఇవ్వాలి. లోను ఖాతా నంబరు, చివరి స్టేట్‌మెంట్ పట్టుకెళ్లండి. ఖాతా నంబరు గుర్తు లేకపోతే బండి నంబరు, ఆధార్‌తో వెతకమని అడగండి. ఎన్ఓసీలో పాత బ్యాంకు పేరు, ఎందులో విలీనమైందీ రెండూ రాయించుకోండి. కౌంటర్ దగ్గర పేర్లు కలవడం లేదనే ప్రశ్నే రాదు.

ఆర్సీలో తీయించాక ఇన్సూరెన్స్ పాలసీలోనూ బ్యాంకు పేరు తీయించాలి. ఈ రెండో పనిని చాలామంది వదిలేస్తారు. బండి పూర్తిగా దెబ్బతిన్నా, దొంగతనానికి గురైనా పాలసీలో బ్యాంకు పేరుంటే డబ్బు నేరుగా మీ చేతికి రాదు, ముందు బ్యాంకు క్లియరెన్స్ అడుగుతారు.

ఛాసిస్ నంబరు బండి మీద ఒకలా, ఆర్సీలో ఒకలా

ఇక్కడ తొందరపడొద్దు. ముందు బండి మీద నంబరు సరిగ్గా చదవాలి. బైకుల్లో అది సాధారణంగా హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీద కొట్టి ఉంటుంది. కార్లలో ముందు సీటు దగ్గర కార్పెట్ కిందో, బానెట్ తెరిస్తే ఇంజన్ వెనక రేకు మీదో ఉంటుంది. మట్టి, గ్రీజు పట్టి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడవండి. బ్లేడుతో గీకడం, ఎమరీ కాగితం రుద్దడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. రేపు ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) చూసినప్పుడు ఆ గీతలే అనుమానానికి కారణమవుతాయి. తుడిచాక పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. ఆఫీసుల్లో అడిగే పెన్సిల్ ప్రింట్ అదే.

ఇప్పుడు ఒక్కో అక్షరం పోల్చండి. 17 అక్షరాల ఛాసిస్ నంబరులో ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు. 1, 0 అంకెలతో కలిసిపోతాయనే వాటిని పక్కన పెట్టారు. కాబట్టి ఆర్సీలో ఆ నంబరు మధ్య ఇంగ్లిష్ 'O' కనిపిస్తే అది సున్నాకు బదులు పడ్డ టైపింగ్ తప్పే. ఎస్‌కు 5, బీకి 8, జెడ్‌కు 2 పడటం కూడా మామూలే. మొదటి మూడు అక్షరాలు తయారీదారును చెబుతాయి. చాలా మారుతి సుజుకి కార్లకు ఎంఏ3, టాటా మోటార్స్‌కు ఎంఏటీ, హ్యుందాయ్‌కి ఎంఏఎల్, బజాజ్‌కు ఎండీ2. బజాజ్ బండి ఆర్సీలో ఎంఏటీ అని మొదలైతే అది ఒక్క అక్షరం తప్పు కాదు, మొత్తంగా వేరే బండి వివరాలు ఎక్కినట్టు.

ఒకటి రెండు అక్షరాల తేడా అయితే ఫారం 21, 22 చూడండి. అవి బండితో కలిసి ఆర్సీ ఒక్కటే తేడాగా ఉంటే తప్పు ఎంట్రీలో జరిగింది. పెన్సిల్ ప్రింట్, ఆ రెండు ఫారాలు, మొదటి పాలసీ కాపీ జతచేసి సవరణ కోసం దరఖాస్తు పెట్టండి. ఎంవీఐ బండి చూసి నివేదిక ఇస్తారు. ఫారం 21లోనే తప్పుంటే ముందు డీలరు దగ్గర దాన్ని దిద్దించాలి. ఆ తర్వాతే ఆర్టీఏ.

సెకండ్ హ్యాండ్ బండిలో అంకెలు వంకరగా ఉన్నా, చుట్టూ రేకు అరగదీసినట్టు ఉన్నా, ఆ భాగంలో మాత్రమే కొత్త పెయింటు కనిపించినా కొనకండి. బేరం ఎంత బాగున్నా సరే. అది సవరణతో పోయే వ్యవహారం కాదు, పోలీసులు చూడాల్సినది.

పేరు ఆధార్‌తో కలవడం లేదు

ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల ఇది మనవాళ్లకు మరీ ఎక్కువ. ఆర్సీలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ఒకచోట వెంకట రమణ రెండు ముక్కలు, ఇంకోచోట ఒకే ముక్క. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ల సంగతి సరేసరి. రోడ్డు మీద దీనితో ఇబ్బంది రాదు. ఆన్‌లైన్ సేవల్లో ఆధార్ ధ్రువీకరణ అడిగినప్పుడు ఆగిపోతుంది.

రెండిట్లో ఏది సరైనదో ముందు నిర్ణయించుకోండి. పదో తరగతి మార్కుల జాబితా, పాన్, పాస్‌పోర్టు ఏ స్పెల్లింగుతో ఉన్నాయో దాన్నే ప్రమాణంగా పెట్టుకుని రెండోదాన్ని దిద్దించండి. అమ్మకానికి ముందు వారంలో కాకుండా తీరిక ఉన్నప్పుడు చేయాల్సిన పని ఇది.

ఓటీపీ రావడం లేదు

కారణం చాలా సాదా. రిజిస్ట్రేషన్ రోజున ఎక్కించిన మొబైల్ నంబరు మీది కాదు, షోరూం ఉద్యోగిదో ఏజెంటుదో. లేదా మీరే ఆ నంబరు మార్చేశారు. ఈ-చలాన్ల మెసేజ్‌లు కూడా అక్కడికే వెళ్తుంటాయి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ దగ్గర పెట్టుకుని రవాణా శాఖ పోర్టల్‌లో మొబైల్ నంబరు మార్చుకోవచ్చు. అక్కడ కుదరకపోతే ఆఫీసులో ఇవ్వాలి.

సీసీ తప్పుగా ఉంది, ప్రీమియం ఎక్కువ అడుగుతున్నారు

క్యూబిక్ కెపాసిటీ కాలమ్ నేరుగా జేబుకు తగులుతుంది. 2022 జూన్‌లో వచ్చిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ లోపు బైకుకు ఏడాదికి 714 రూపాయలు, 150 దాటి 350 లోపైతే 1,366. మీది 149 సీసీ బండి, ఆర్సీలో 194 అని పడిందనుకోండి, ఏటా దాదాపు రెట్టింపు కడుతుంటారు. కార్లకు 1000, 1500 సీసీల దగ్గర ఇలాంటి గీతలే ఉన్నాయి. తక్కువగా పడితే లాభమనీ అనుకోకండి, క్లెయిమ్ రోజున ఇన్సూరెన్స్ సర్వేయరు అడుగుతాడు. ఫారం 21 చూపించి దిద్దించుకోండి.

ఇంధనం కాలమ్ కూడా ఇప్పుడే చూడండి. బయట సీఎన్జీ కిట్ బిగించి ఆర్సీలో పెట్రోల్ అనే వదిలేసిన కార్లు చాలా ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ మార్పు ఆర్సీలో ఎక్కాలి. ఆమోదం పొందిన కిట్, బిగించినవారి సర్టిఫికెట్ ఉంటేనే ఎక్కుతుంది. తర్వాత పాలసీలోనూ రాయించాలి.

తప్పులా కనిపించినా తప్పు కానివి

టీఎస్ నంబరును టీజీగా మార్చుకోవాలా? అక్కర్లేదు. 2024 మార్చి 15 నుంచి తెలంగాణలో కొత్త రిజిస్ట్రేషన్లకు టీజీ ఇస్తున్నారు, పాతవి అలాగే చెల్లుతాయి. ఏపీ 39 అని ఉంటే అది ఏ జిల్లా? ఏ జిల్లా కాదు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ పెట్టారు. అంతకుముందు ఏపీ 16 కృష్ణా, ఏపీ 07 గుంటూరు, ఏపీ 31 విశాఖ అని చెప్పగలిగేవాళ్లం.

తయారీ నెల 2022 నవంబర్, రిజిస్ట్రేషన్ 2023 ఫిబ్రవరి అని ఉండటం కూడా తప్పు కాదు. బండి గోడౌన్‌లో ఉన్న కాలం అది. కాకపోతే అమ్మేటప్పుడు ధర తయారీ ఏడాదిని బట్టి కడతారు, కొనే రోజునే ఆ సంగతి అడిగి తగ్గింపు తీసుకోవాల్సింది. ట్యాక్స్ దగ్గర తేదీ లేకుండా ఎల్‌టీటీ అని ఉంటే లైఫ్ ట్యాక్స్ కట్టినట్టు. ఓనర్ సీరియల్ 2 అని ఉంటే రెండో యజమాని. తండ్రి నుంచి కొడుక్కి మారినా ఆ అంకె పెరుగుతుంది.

చెల్లుబాటు తేదీ దాటింది

సొంత వాహనాలకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. లైఫ్ ట్యాక్స్ కట్టాం కదా, జీవితాంతం చెల్లుతుందని పొరబడేవాళ్లు ఎందరో. పన్ను వేరు, రిజిస్ట్రేషన్ వేరు. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. బండిని ఎంవీఐకి చూపించాలి, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి ఈ రెన్యువల్ ఫీజు బాగా పెరిగింది. ఆలస్యం చేస్తే నెలలెక్కన అదనం పడుతుంది, ఈలోగా రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ లేని బండి నడిపినట్టే.

అమ్మేసిన బండి ఇంకా నా పేరునే ఉంది

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. డబ్బు తీసుకుని, పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చేసి, మిగతాది కొన్నవాళ్లు చూసుకుంటారని వదిలేస్తాం. వాళ్లు చూసుకోరు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజున రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం విషయంలో వాళ్లే యజమాని. కారు ముఖం చూసి ఏళ్లైన మనిషి మీద బాధ్యత పడింది.

రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో తమ పేరుకు మార్పించుకోవాలి. కొన్నవారి ఆధార్ కాపీ, తేదీ, సమయం రాసిన డెలివరీ కాగితం, ఫారం 29 కాపీ మీ దగ్గర ఉంచుకోండి. నెల తర్వాత పోర్టల్‌లో బండి నంబరు కొట్టి చూడండి. పేరు మారకపోతే కొన్నవారికి ఫోన్ చేయండి, స్పందన లేకపోతే అమ్మకపు రుజువులతో ఆర్టీఏకు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. యజమాని చనిపోయిన సందర్భంలో దారి వేరు: వారసులు 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో మార్పించుకోవాలి. 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు పెట్టుకునే వీలు వచ్చింది, దాన్ని వాడుకుంటే ఇంట్లోవాళ్లకు తిరుగుడు చాలా తగ్గుతుంది.

ఏ సవరణ జరిగినా డిజిలాకర్‌లో పాత ఆర్సీ కాపీని రిఫ్రెష్ చేసి కొత్త వివరాలు వచ్చాయో లేదో చూసుకోండి. తెలంగాణ బండ్లకైతే రాష్ట్ర ప్రభుత్వ మొబైల్ యాప్ టీ యాప్ ఫోలియోలోనూ చూడండి. ఆ కొత్త కాపీని ఇన్సూరెన్స్ కంపెనీకి పంపి, పాలసీలో ఆ మార్పు ఎక్కినట్టు ఎండార్స్‌మెంట్ తెప్పించుకోండి.