సముద్రపు సూర్యోదయం, 4వ పాఠం: ఆకాశానికెంత, రాళ్లకెంత?

కిందటి పాఠంలో చెప్పినట్టు ఒకసారి ఆకాశానికీ, ఒకసారి రాళ్లకీ వెలుగు కుదిరేలా తీసినవాళ్ల దగ్గర ఈపాటికి రెండు రకాల ఫోటోలు ఉండాలి. ఒకదాంట్లో ఆకాశం బ్రహ్మాండంగా ఉంటుంది, కింద రాళ్లు బొగ్గుముద్దలు. ఇంకోదాంట్లో రాళ్ల మీద నాచు కూడా కనిపిస్తుంది, ఆకాశం మాత్రం తెల్లకాగితం. పైకి చూస్తే ఒకలా, కిందికి చూస్తే ఒకలా మన కన్ను సర్దుకుంటుంది. కెమెరా ఫ్రేమంతటికీ ఒకటే ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుగు మోతాదు) ఇస్తుంది.

అందుకని ముందు తేడా ఎంతో కొలవాలి. మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం సైజు), స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో ఒక చిన్నచోటి వెలుగునే కొలవడం). సూర్యుడు ఇంకా పైకి రాలేదు. ఆకాశంలో బాగా వెలుగున్న చోట స్పాట్ పెట్టి, మీటరు సున్నా చూపేదాకా షట్టర్ మార్చండి. 1/15 వచ్చిందనుకుందాం. ఇప్పుడు ముందున్న తడిరాయి మీద పెట్టండి. 1 సెకను వచ్చింది. 1/15, 1/8, 1/4, 1/2, 1: నాలుగు స్టాపులు. ఒక్కో స్టాపుకీ వెలుగు రెట్టింపు కాబట్టి ఆకాశం రాయికంటే 16 రెట్లు వెలుగుగా ఉందన్నమాట.

నాలుగు స్టాపులు తేడా ఉంది కదా అని నాలుగు స్టాపుల గ్రాడ్ ఫిల్టర్ (ఆకాశం వెలుగు తగ్గించడానికి పైసగం నల్లగా, కిందసగం తేటగా ఉండే అద్దం) బిగించేయకండి. నేను చాలాకాలం అదే చేశాను. రాయీ ఆకాశమూ ఒకే వెలుగులో ఉండి, ఫోటో ఎవరో కత్తిరించి అతికించినట్టు వచ్చేది. సున్నా అంటే మీటరు దృష్టిలో మధ్యరకం బూడిదరంగు, అంతే. తెల్లవారుజామున తడిరాయి నల్లగా ఉండాల్సిందే, ఆకాశం వెలగాల్సిందే. పైగా నీళ్లలో ప్రతిబింబం అసలు ఆకాశాన్ని మించి మెరిస్తే చూసేవాళ్లకి వెంటనే ఎబ్బెట్టుగా అనిపిస్తుంది.

రాయిని ఒక స్టాపు తగ్గిద్దాం, అంటే షట్టర్ 1/2. ఆ షట్టర్‌కి ఆకాశం మూడు స్టాపులు ఎక్కువవుతుంది. 0.6 గ్రాడ్ ఫిల్టర్ పెడితే అందులో రెండు పోతాయి. రాయి మైనస్ 1, ఆకాశం ప్లస్ 1. నాకు నచ్చే లెక్క ఇది.

సముద్రం అంచు తిన్నని గీత కాబట్టి హార్డ్ గ్రాడ్ (నలుపు మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయేది) బాగా కుదురుతుంది. ఆ గీత దాటి పైకి లేచిన రాయి ఉంటే దాని కొన నల్లబడుతుంది, అప్పుడు సాఫ్ట్ (నలుపు మెల్లగా పలచబడేది) వాడండి. సూర్యుడు సరిగ్గా గీత మీదున్నప్పుడు రివర్స్ గ్రాడ్ (మధ్యగీత దగ్గర బాగా నల్లగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉండేది). లైవ్ వ్యూలో చూస్తూ ఫిల్టర్‌ని మెల్లగా దించండి. ఒకసారి నేను తొందరలో ఎక్కువ దించేశాను. చిన్న స్క్రీన్ మీద ఏమీ తెలియలేదు, ఇంటికొచ్చి చూస్తే సముద్రం మీద అడ్డంగా నల్లపట్టీ!

షాట్ తీశాక హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడల గ్రాఫ్) కుడి అంచు చూడండి, అక్కడ గుట్టపడితే ఆ భాగం తెల్లబడిపోయినట్టు. సూర్యబింబం తెల్లబడితే పడనివ్వండి, చుట్టూ మబ్బుల్లో రంగు నిలిస్తే చాలు. సూర్యుడు వచ్చేవేళ వెలుగు చకచకా మారిపోతుంది, రెండు మూడు నిమిషాలకోసారి మళ్లీ కొలవండి. ఫిల్టర్ మీద పడ్డ తుంపర తుడవడం మరవకండి.

ఫిల్టర్ లేనివాళ్లు ట్రైపాడ్ కదపకుండా, రా ఫార్మాట్‌లో (కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే ఫైలు), రెండేసి స్టాపుల తేడాతో మూడు షాట్లు తీసి ఉంచండి. మూడింట్లో మూడు రకాల అలలుంటాయి. వాటిని కలపడం 5వ పాఠంలో.