ఎకోలో కార్డియాక్ అవుట్‌పుట్ తేడా కొడుతోందా? మందు పెంచే ముందు ఇవి చూడండి

గుండె ఆపరేషన్‌లో బైపాస్ (హార్ట్-లంగ్ మెషిన్) ఆపి 20 నిమిషాలైంది. బీపీ 110/60, లాక్టేట్ (రక్తం సరిగ్గా అందకపోతే పెరిగేది) 2 దాటలేదు, యూరిన్ బాగానే వస్తోంది. టీఈఈ (అన్నవాహికలోంచి చేసే ఎకో) మాత్రం కార్డియాక్ అవుట్‌పుట్ (గుండె నిమిషానికి పంపే రక్తం) 3.3 లీటర్లే అంటోంది. అడ్రినలిన్ పెంచుదామా అన్నట్టు జూనియర్ నా మొహం చూశాడు. పెంచలేదు.

లెక్క అందరికీ తెలిసిందే. ఎల్‌వీఓటీ (ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి పోయే దారి) వ్యాసాన్ని వర్గం చేసి 0.785తో గుణిస్తే వైశాల్యం. దాన్ని వీటీఐతో (ఒక్కో బీట్‌కు ఆ దారిలో రక్తం కదిలే దూరం, డాప్లర్‌తో కొలుస్తాం), హార్ట్ రేట్‌తో గుణిస్తే అవుట్‌పుట్.

అంకె తక్కువ, పేషెంట్ మాత్రం బాగానే ఉన్నారు

మొదటి అనుమానం వ్యాసం మీదే. ఆ రోజు వీటీఐ 18 సెం.మీ., రేటు 80, వ్యాసం 1.7 సెం.మీ. అని పెట్టారు. మళ్లీ కొలిస్తే 2.0 వచ్చింది, అవుట్‌పుట్ 4.5 లీటర్లయింది. 3 మిల్లీమీటర్లకు లీటరు పైగా తేడా! వర్గం చేస్తాం కదా, తప్పు కూడా అలాగే పెరుగుతుంది. ప్లేన్ కాస్త పక్కకు జరిగినా వ్యాసం చిన్నదిగానే కనిపిస్తుంది.

మిడ్ ఈసోఫేజియల్ లాంగ్ యాక్సిస్ వ్యూలో, 120–140 డిగ్రీల దగ్గర, జూమ్ చేసి, మిడ్ సిస్టోల్‌లో (గుండె ముడుచుకునే సమయం మధ్యలో) లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవండి. ఒకసారి నమ్మకం కుదిరాక కేస్ షీట్‌లో రాసేయండి, ఇక మార్చకండి. ఆపైన వీటీఐ చూసుకుంటే చాలు. నా మట్టుకు నాకు లీటర్ల కంటే, 18 ఉన్న వీటీఐ 13కి పడిందా లేదా అన్నదే ముఖ్యం.

వ్యాసం సరిగ్గానే ఉంటే డాప్లర్ కోణం (డాప్లర్ లైన్‌కూ రక్తం పోయే దిశకూ మధ్య కోణం) చూడండి. 20 డిగ్రీలకు 6 శాతమే పోతుంది, 30కి 13 శాతం పోతుంది. డీప్ ట్రాన్స్‌గ్యాస్ట్రిక్ వ్యూలో (ప్రోబ్‌ను పొట్టలోకి దించి చూసేది) లైన్ బాగా కలుస్తుంది. ప్రోబ్ అడ్డుపడితే మాత్రం బలవంతంగా తోయొద్దు.

అంకె మరీ ఎక్కువ

శాంపిల్ (డాప్లర్ కొలిచే చోటు) వాల్వ్‌లోకి జరిగి ఉంటుంది. అర సెంటీమీటరు వెనక్కి లాగండి. పల్స్‌డ్ వేవ్ (ఒక్క చోటే కొలిచేది) బదులు కంటిన్యూయస్ వేవ్ (లైన్ పొడవునా కొలిచేది) నొక్కారేమో కూడా చూడండి, ఇది మనం ఒప్పుకునే దానికంటే ఎక్కువసార్లే జరుగుతుంది. అయోర్టిక్ లీక్ ఉంటే వెనక్కి కారే రక్తం కూడా లెక్కలో కలుస్తుంది, అంకె పెద్దదైనా ఒంటికి అందేది తక్కువే.

మైట్రల్ రిపేర్ తర్వాత ఎల్‌వీఓటీలో రంగులు కలగాపులగంగా కనిపిస్తే, మైట్రల్ లీఫ్‌లెట్ దారికి అడ్డొస్తోందేమో చూడండి. అలాంటప్పుడు ఈ లెక్క పనికిరాదు. ఐనోట్రోప్ (గుండె బలంగా కొట్టుకునేలా చేసే మందు) పెంచితే ఇంకా ముదురుతుంది. దాన్ని తగ్గించి, ఫ్లూయిడ్ ఇచ్చి, సర్జన్‌కు చెప్పండి.

బీటుకో అంకె

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) అయితే 5 నుంచి 10 బీట్ల సగటు తీసుకోండి.

స్వాన్ ఒకటి, ఎకో ఒకటి

స్వాన్ (ఊపిరితిత్తుల ధమనిలో పెట్టే క్యాథెటర్) అంకె కూడా వేదవాక్కు కాదు. ట్రైకస్పిడ్ లీక్ గట్టిగా ఉన్నా, చల్లటి ఫ్లూయిడ్ వేగంగా పోతున్నా, బైపాస్ దిగిన కొత్తలో ఒంటి వేడి ఇంకా కుదురుకోకపోయినా థర్మోడైల్యూషన్ (రక్తం వేడిలో మార్పును బట్టి స్వాన్ అవుట్‌పుట్ కొలిచే పద్ధతి) తప్పుతుంది. కాసేపు ఆగి రెండూ మళ్లీ చూడండి.

అసలు బొమ్మే రావట్లేదు

కాటరీ (కరెంటుతో కోసే, కాల్చే పరికరం) నడుస్తుంటే ఆపేదాకా ఆగండి. ట్రాన్స్‌గ్యాస్ట్రిక్ వ్యూ పోయిందంటే పొట్టలో గాలి చేరి ఉంటుంది. రైల్స్ ట్యూబ్‌తో (పొట్టలోకి వేసే గొట్టం) లాగేసి, ట్యూబ్ తీసి మళ్లీ చూడండి. ఐసీయూలో ఛాతీ మీది నుంచి చేసేటప్పుడు డ్రెయిన్లు, డ్రెస్సింగ్ అడ్డొస్తే సబ్‌కాస్టల్ (పక్కటెముకల కింది నుంచి) ప్రయత్నించండి. అక్కడ కోణం సరిగ్గా కుదరదు కాబట్టి లీటర్లు రాయకండి, గుండె ఎలా కొట్టుకుంటోందో, చుట్టూ రక్తం చేరిందేమో చూసి రండి.