జూలై సెలవుల్లో పిల్లలతో ఔట్‌బ్యాక్‌కి వెళ్తున్నారా?

మెల్‌బోర్న్‌లో నలుగురు తెలుగువాళ్ళు కూర్చున్నప్పుడు ఔట్‌బ్యాక్, అంటే ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతం, మాటొస్తే మొదటి ప్రశ్న పాముల గురించే. రెండోది సాలీళ్ళ గురించి. నీళ్ళ గురించి అడిగినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. మొదటిసారి వెళ్ళేముందు మేమూ అడగలేదు.

1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ ట్రాక్ అనే ఎడారి మట్టిదారి దగ్గర పేజ్ అనే కుటుంబంలో ఐదుగురికి ఐదుగురూ దాహంతో చనిపోయారు. ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు. కారులో పెట్రోలు అయిపోయింది, కారు వదిలి నడుచుకుంటూ వెళ్ళారు. మనం ఉత్తరానికి ఎడారి మీదుగా వెళ్ళే స్టువర్ట్ హైవే తారు రోడ్డు, అంత భయం లేదు. కానీ అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పే మొదటి మాట ఒకటే: బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండండి. పైనుంచి వెతికేవాళ్ళకి కారు కనపడుతుంది, మనిషి కనపడడు. కారు నీడ ఇస్తుంది. సాయం కోసం ఒకరు ముందుకి నడిచి వెళ్ళడం, మిగతావాళ్ళు పిల్లలతో ఉండిపోవడం అనే ఆలోచనే పెట్టుకోకండి.

ఏ నెలలో వెళ్ళాలన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. డిసెంబరు, జనవరిలో మనకి సెలవులు ఎక్కువే, కానీ అక్కడ ఎండ నలభై దాటుతుంది. చిన్నపిల్లలతో టెంట్లో ఉండే కాలం కాదది. జూలై స్కూలు సెలవులు మంచివి. పగలు హాయిగా ఉంటుంది. రాత్రి మాత్రం ఎడారి మధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి వైపు సున్నా కంటే కిందికి దిగుతుంది. ఎడారి కదా అని పల్చటి దుప్పట్లు సర్దుకుంటే తెల్లవార్లూ జాగారమే. ఇండియా నుంచి అమ్మమ్మలు తెచ్చిన మంకీ క్యాపులు అటక మీద ఉంటాయి చూడండి, వాటికి పని పడేది ఇక్కడే.

దూరాలు ముందే కాగితం మీద రాసుకోండి. అడిలైడ్ నుంచి ఉలురు (ఎడారి మధ్యలోని ఆ పెద్ద ఎర్ర రాతికొండ) దాదాపు 1,600 కిలోమీటర్లు. దారిలో గ్లెండాంబో అనే చిన్న ఊరు దాటాక కూబర్ పీడీ అనే గనుల ఊరి దాకా సుమారు 250 కిలోమీటర్లు పెట్రోలు బంకు లేదు. సగం ట్యాంకు ఉంది కదా అని బంకు దాటి వెళ్ళిపోయే సిటీ అలవాటు, ఈ హైవే మొదలయ్యే పోర్ట్ ఆగస్టాలోనే వదిలెయ్యాలి. ఆ రోడ్డు మీద రోజుకి ఎనిమిది వందలు కొట్టేద్దాం అనేది డ్రైవరు లెక్క. కారు సీటులో బెల్టు పెట్టి కూర్చోబెట్టిన మూడేళ్ళ పిల్ల లెక్క వేరు. రోజుకి నాలుగు వందలు, రెండు గంటలకోసారి ఆగడం, సాయంత్రం నాలుగింటికల్లా టెంటు వెయ్యడం. మాకు కుదిరిన లెక్క ఇది.

నాలుగింటికే ఎందుకంటే చీకటి పడేవేళా తెల్లవారేవేళా కంగారూలు రోడ్డు మీదికొస్తాయి. అద్దె కారు అయితే, ఊళ్ళ బయట రాత్రి పూట జరిగిన డ్యామేజీకి ఇన్సూరెన్స్ వర్తించదని కాంట్రాక్టులో రాసి ఉండొచ్చు, చదువుకోండి. కంగారూ అడ్డం వస్తే స్టీరింగ్ తిప్పొద్దు, తిన్నగా వెళ్తూనే బ్రేకు వెయ్యండి. పక్కకి తిప్పితే బండి బోల్తా పడొచ్చు. రోడ్ ట్రైన్లు, అంటే వెనక వరసగా ట్రైలర్లు తగిలించిన లారీలు, 53 మీటర్ల దాకా ఉంటాయి. వాటిని దాటడానికి తొందరపడేకంటే పిల్లలకి మరో బిస్కెట్ ఇచ్చి వెనకాలే వెళ్ళడం నయం.

ఇక నీళ్ళు. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి పది లీటర్లు వేసుకోండి. నలుగురికి నలభై లీటర్లు, ఎప్పుడూ తగ్గకుండా, రెండు మూడు క్యాన్లలో. ఒకే క్యానులో పోస్తే అది పగిలిన రోజు అన్నీ పోయినట్టే. దారిలో కొన్నిచోట్ల కుళాయిలో వచ్చేది బోరు నీరు, తాగడానికి పనికిరాదని బోర్డు ఉంటుంది. ఎడారి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పిల్లాడికి చెమట పట్టినట్టే తెలీదు, పట్టీపట్టగానే ఆరిపోతుంది. మన ఊళ్ళో మే నెలలో చొక్కా తడిసి ముద్దయితే నీళ్ళు తాగించాలని తడుతుంది. ఇక్కడ ఆ గుర్తు ఉండదు.

మా రెండో ట్రిప్పులో మా ఐదేళ్ళవాడు క్యాను నీళ్ళు ప్లాస్టిక్ వాసన అంటూ తాగడం మానేశాడు. మాకు చెప్పలేదు. సీసా తీసుకుంటాడు, మూత తిప్పుతాడు, పక్కన పెడతాడు. సాయంత్రానికి ఊరికే చికాకు, తలనొప్పి, ఒళ్ళో పడుకున్నాడు. ప్రయాణం అలసట అనుకున్నాం. పొద్దుటినుంచి ఒక్కసారి కూడా పాస్‌కి వెళ్ళలేదని మా ఆవిడకి తట్టేదాకా అర్థం కాలేదు. ఓఆర్ఎస్ కలిపి చెంచా చెంచా పట్టాం, రాత్రికి తేరుకున్నాడు. తేరుకోకపోతే దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో ఆ క్షణంలో మాకు తెలీదు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి ఎవరి సీసా వాళ్ళకి, సీసా మీద గీతలు. మధ్యాహ్నం అన్నంలోపు ఒక గీత, టీ టైముకి ఇంకో గీత. పాస్ ఎన్నిసార్లు, ఏ రంగు అన్నది కూడా అడుగుతాం. పిల్లలు మొదట సిగ్గుపడ్డారు, తర్వాత అదే ఆట అయిపోయింది. ఇంటి నుంచే అదే క్యానులో నీళ్ళు పోసి వారం ముందు నుంచి తాగించి అలవాటు చెయ్యండి.

పండ్లు మెల్‌బోర్న్ నుంచి మొయ్యకండి. సౌత్ ఆస్ట్రేలియా హద్దులో ఫ్రూట్ ఫ్లై (పండ్లని పాడుచేసే ఈగ) తనిఖీ ఉంటుంది, దొరికితే జరిమానా. పులిహోర పేస్టు, ఉప్మా రవ్వ, పొడులు బ్రహ్మాండంగా పనికొస్తాయి. చిన్న ప్రెషర్ కుక్కరు ఉంటే గ్యాసూ నీళ్ళూ రెండూ మిగుల్తాయి.

టెంటు వేసే చోటు. ఎండిపోయిన వాగులో ఇసుక మెత్తగా, పరుపులా ఉంటుంది, పిల్లలు అక్కడే అంటారు. ఎగువన ఎక్కడో వాన పడితే మన నెత్తిన చుక్క పడకుండానే వాగు వస్తుంది. ఒడ్డున నీడనిచ్చే పెద్ద రివర్ రెడ్ గమ్ చెట్టు కింద కూడా వద్దు. గాలి లేని రోజున కూడా దాని కొమ్మ విరిగి పడుతుంది. ఉలురు పార్కు లోపల క్యాంపింగ్ లేదు, పార్కు బయటున్న యులారా ఊళ్ళో ముందే బుక్ చేసుకోవాలి.

కూబర్ పీడీ చుట్టూ ఒపల్ అనే రత్నం కోసం తవ్వి వదిలేసిన గోతులు లక్షల్లో ఉన్నాయి. ఫోటో కోసం వెనక్కి నడవొద్దని బోర్డులే పెట్టారు. అక్కడ పిల్లల చెయ్యి వదలొద్దు, నిర్ణీత దారి తప్పొద్దు. డింగోలు అనే అడవికుక్కలు చూడ్డానికి ఊరకుక్కల్లా ఉంటాయి. 1980లో ఉలురు దగ్గర క్యాంపు నుంచి అజారియా చాంబర్లేన్ అనే తొమ్మిది వారాల పసిపాప మాయమైంది. తల్లిని జైల్లో పెట్టారు. డింగోయే ఎత్తుకెళ్ళిందని 2012లో కారోనర్ (మరణాల మీద విచారణ చేసే అధికారి) తేల్చారు. తిండి బయట వదలకండి, పసిపిల్లని టెంట్లో ఒంటరిగా పడుకోబెట్టకండి.

చలికి భయపడి టెంట్లో గ్యాస్ పొయ్యో బొగ్గుల కుంపటో పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మంట ఆర్పేటప్పుడు మనవాళ్ళు చేసే పొరపాటు ఇసుక కప్పడం. పైకి చల్లారినట్టుంటుంది గానీ లోపల నిప్పులు తెల్లారేదాకా ఉంటాయి. పొద్దున్నే లేచి చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లల కాళ్ళు అక్కడే కాల్తాయి. బకెట్టుతో నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పొయ్యండి.

సరే, పాములు. జూలైలో చలికి అవి పెద్దగా తిరగవు. బూట్లు దులిపి తొడగడం, చీకట్లో టార్చి, అంతే. ఒకవేళ కాటు పడితే మన ఊరి పద్ధతిలో పైన తాడు బిగించడం, కొయ్యడం, పీల్చడం ఏదీ వద్దు. కడగను కూడా వద్దు. వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజి కాటు మీద గట్టిగా చుట్టి, తర్వాత వేళ్ళ దగ్గర్నుంచి పైకి చెయ్యో కాలో అంతా చుట్టి, కర్ర పెట్టి కదలకుండా కట్టండి. పిల్లాడిని నడిపించొద్దు, సాయాన్నే అక్కడికి రప్పించండి. ఆ బ్యాండేజీలు కనీసం మూడు కొని, కట్టడం ఇంట్లోనే ఒకసారి పిల్లాడి కాలి మీద ప్రాక్టీసు చెయ్యండి. రెడ్‌బ్యాక్ అనే విషపు సాలీడు కుడితే మాత్రం ఈ కట్టు కట్టకూడదు, ఐస్ పెట్టి ఆసుపత్రికి.

సాయానికి నంబరు 000. కానీ ఊరు దాటితే సిగ్నలే ఉండదు. పీఎల్‌బీ (పర్సనల్ లొకేటర్ బీకన్) అనే చిన్న పరికరం అద్దెకి దొరుకుతుంది, ప్రాణం మీదికొచ్చినప్పుడు బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా మీరున్న చోటు తెలుస్తుంది. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్ అంబులెన్స్ ఖర్చు ఇవ్వదు, అంబులెన్స్ కవర్ ఉందో లేదో చూసుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా వస్తుంటే వాళ్ళ బీపీ, షుగరు మందులు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి.

ఏ రోజు ఎక్కడ పడుకుంటున్నారో ఒక కాగితం రాసి ఇక్కడే ఉండే స్నేహితుడికి ఇవ్వండి. ఫలానా రోజు రాత్రి ఎనిమిదింటికల్లా మెసేజ్ రాకపోతే పోలీసులకి ఫోన్ చెయ్యమని స్పష్టంగా చెప్పండి. తెనాలిలో ఉన్న అమ్మకి మాత్రం మూడు రోజులు ఫోన్ కలవదని ముందే చెప్పండి. మేం చెప్పడం మర్చిపోయాం. సిగ్నల్ వచ్చేసరికి నలభై రెండు మిస్డ్ కాల్స్, అందులో మూడు మా పెద్ద మేనమామవి. ఆయన అసలు ఎవరికీ ఫోన్ చెయ్యని మనిషి.